కరక్కాయ నీళ్లలో నల్లబడని గోలీ

పోయిన వారం జమునను మనం ఇంటి వెనక వసారాలో రెండు గాజు గ్లాసుల ముందు కూర్చోబెట్టి వచ్చాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే కూర్చుని ఉంది.

ఒక గ్లాసులో కరక్కాయలు నానబెట్టిన నీళ్లు కాటుకలా నల్లబడ్డాయి. రెండో గ్లాసులో నీళ్లు పోసినప్పుడు ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. రెండింట్లోనూ వేసింది ఒకే తాంబాళంలోంచి తీసిన గోలీల పొడి. పైకి చూస్తే ఆ గోలీలన్నీ ఒకటే రంగు, ఒకటే సైజు. ఏది ఏదో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. మొదటి నుంచీ చదువుతున్నవాళ్లు విసుక్కోకండి. జమున గూడూరు దగ్గరి ఒక లంబాడీ తండా పిల్ల. చాంద్యా, సుక్కిల కూతురు. జనగామలో బీఫార్మసీ ఆఖరి ఏడాది చదువుతోంది. సకల జనుల సమ్మె మొదలై బస్సులు డిపోల్లో ఆగిపోయి, కాలేజీలకు తాళాలు పడ్డాక క్లాసులో అందరి ట్రైనింగులూ అటకెక్కాయి, ఒక్క జమునది తప్ప. ఆమెకు పరీక్ష పెట్టలేదు, ఇంటర్వ్యూ చేయలేదు. లెక్చరర్ వెంకట్రాం సారు స్టాఫ్ రూముకు పిలిచి, హైదరాబాదులో ఒక రీసెర్చి కంపెనీకి నీ పేరిచ్చానని చెప్పాడు. ట్రైనింగు బాగా చేస్తే చదువైపోగానే అక్కడే రీసెర్చి ఉద్యోగం అన్నాడు. ఆ కంపెనీ మనిషి ధీరజ్ జీపు వేసుకుని నేరుగా జమున వాళ్ల తండాకే వచ్చాడు. ఆడవాళ్లకు రక్తపరీక్షలు చేసి, రక్తం తక్కువున్న కొందరికి రక్తం పెరిగే గోలీలని డబ్బాలిచ్చాడు. ఎవరి డబ్బా వాళ్లే వాడాలి, దవాఖాన గోలీలు వీటితో కలపకూడదు, కడుపుతో ఉన్నవాళ్లకు మాత్రం డబ్బా ఇవ్వకూడదు. ఈ మాటలన్నీ తండావాళ్లకు లంబాడీలో చెప్పే పని జమునది.

చెప్పింది. తండా విన్నది. విని, తన పద్ధతిలో తాను నడిచింది. సీత్ల పండుగకు మేకను కోస్తే ఏ ఇంటి వాటా ఆ ఇంటికి పోవలసిందే, ఒక్క గడప తప్పినా ఏడాదంతా మాటలు పడాలి. డబ్బాలు కొన్ని ఇళ్లకు వచ్చి కొన్ని ఇళ్లకు రాకపోయేసరికి గోలీలకూ అదే న్యాయం జరిగింది. సుక్కి డబ్బాలన్నీ తెప్పించి, ఇత్తడి తాంబాళంలో కుమ్మరించి, ఇంటింటికీ వాటాలు వేసింది. అలా వాటా ఆమె కోడలు కళావతికి కూడా ముట్టింది. కళావతికి ఏడో నెల. కొన్నాళ్లుగా కళ్లు తిరుగుతున్నాయి, పాదాలు పొంగుతున్నాయి. వదిన ఆ గోలీలు మింగుతోందని జమునకు తెలిసింది నిన్ననే.

ఇదీ సంగతి. ఇక వసారాలోకి పోదాం.

అనుమానం ఒకసారి పుట్టిందంటే ఒక్కచోట కూర్చోదు. జమున అనుమానం మొదట కరక్కాయ నీళ్ల మీదికి పోయింది. సరిగా నానలేదేమో అనుకుంది. లోపలికి వెళ్లి, గూట్లో కళావతి వాడకుండా పక్కన పెట్టిన సర్కారు దవాఖాన గోలీల పట్టీ తెచ్చింది. అందులో ఇనుముంటుందన్నది అనుమానం లేని సంగతి. ఒకటి నలిపి మూడో గ్లాసులో వేసింది. చూస్తుండగానే నల్లబడింది. నీళ్లలో తప్పు లేదన్నమాట. ఇనుము తగిలితే కరక్కాయ నీళ్లు నల్లబడతాయని బట్టకు నలుపు అద్దేవాళ్లందరికీ తెలుసు. కాలేజీ ల్యాబులో పెద్ద పెద్ద పేర్లు పెట్టి జమునకు నేర్పిందీ ఆ ముక్కే.

అంటే తాంబాళంలో ఉన్నవి రెండు రకాలు. ఒకటి ఇనుము. మరి రెండోది ఏమిటి?

"ఏందే జమునా, పొద్దుగాల్నుంచి గీ గ్లాసులు ముంగటేస్కొని కూసున్నవ్? చాయ వెడ్తవనుకుంటే మసినీళ్లు కాసినవా?"

గోడ పట్టుకుని నడుస్తూ వచ్చి కళావతి గడప మీద కూర్చుంది. ఇంట్లో వీళ్లు మాట్లాడుకునేది లంబాడీలో. మనకు అర్థం కావాలని నేనే తెలుగులోకి దించుతున్నాను.

"వదినా, గా గోలీలు ఎన్ని మింగినవ్?"

"అత్త ఇచ్చినన్ని మింగిన. ఇయ్యాల గూడ ఏస్కుందునుగని మన వాటా ఉన్న తాంబాళం నువ్వు ఎత్కపోతివి."

"ఇంక ఒక్కటి గూడ నోట్లె ఏస్కోకు."

"ఎందుకట్ల? రక్తం వెరిగే గోలీలని తండా అందరికి నువ్వే చెప్తివి కదనే. నీ మాట మీదనే గీ సర్కారు గోలీలు పక్కకు వెట్టిన. బయ్యారం గుట్టల్ల గంత ఇనుముండె, దాని పక్కనున్న మన ఒంట్ల మాత్రం లేకపాయెనని మీ అన్న నన్ను చూసి నవ్వుతనే ఉంటడు."

మీ అన్న అంటే సురేందర్, కళావతి మొగుడు. భూపాలపల్లి బొగ్గు గనిలో కాంట్రాక్టు పని. గని సమ్మెలో ఉంది, అతను అక్కడే శిబిరంలో ఉన్నాడు. ఫోను చేసినప్పుడల్లా చెల్లెలితో ఒకటే మాట. చదువుకున్నదానివి నువ్వున్నవు, నాకేం ఫికర్ లేదు అంటాడు. ఆ మాట ఇప్పుడు జమునకు గుర్తొచ్చింది. నువ్వే చెప్తివి కదనే అని వదిన తప్పుపట్టి అనలేదు, మామూలుగానే అంది. తప్పుపట్టి ఉంటేనే నయంగా ఉండేది. నవ్వుతున్న ఆ మనిషి పెదాల్లో చుక్క రక్తం లేదు.

మానుకోట దవాఖానకు తీసుకుపోవాలి. అందులో ఆలోచించవలసింది ఏమీ లేదు. కానీ ఎలా? బస్సుల్లేవు. నిన్న ఆటో పోశాలును అడిగితే రోడ్డు మీద ఎక్కడ చూసినా రాస్తారోకోలే, ఏడు నెలల మనిషిని మధ్యలో దించాల్సొస్తే పాపం నాకు చుట్టుకుంటుందని చేతులెత్తేశాడు. పోనీ ఎలాగో చేరినా, డాక్టరమ్మ మొదటి మాటే ఏం మింగిందని అడుగుతుంది. సగం ఇనుము, సగం తెలియదు అంటే ఆమె మాత్రం దేనికి మందిస్తుంది? ఆ రెండో గోలీలో ఏముందో ముందు తెలియాలి. తెలిసినవాళ్లు ఎవరో జమునకు తెలుసు. వాళ్లు నిజం చెబుతారా అన్నదే తెలియదు.

అక్కడి నుంచి ఆమె అనుమానం తన మీదికే మళ్లింది. పరీక్ష లేకుండా తననే ఎందుకు తీసుకున్నారు? క్లాసులో తనకన్నా మార్కులు ఎక్కువొచ్చే స్వాతి ఉంది, ఇంగ్లీషు దంచేసేవాళ్లు ఉన్నారు. పేరు ప్రకటించిన రోజు హాస్టల్లో అందరూ కుళ్లుకుంటుంటే జమున మురిసిపోయింది. తన తెలివి సారు కంటికి ఆనిందనుకుంది. ఇప్పుడు ఆలోచిస్తే ఒళ్లు మండుతోంది. వాళ్లకు కావలసింది ఫార్మసీ వచ్చిన పిల్ల కాదు, లంబాడీ వచ్చిన పిల్ల. క్యాంపు రోజు ధీరజ్ ఆమె చేత తండాకు చెప్పించిన మొదటి మాట కూడా గుర్తొచ్చింది. ఇది ఆంధ్రోళ్ల కంపెనీ కాదు, మనోళ్లదే అని చెప్పు అన్నాడు. ఉద్యమం రోజులు కదా, ఆ ఒక్క మాటతో ఆడవాళ్లందరూ చేతులు చాపి రక్తమిచ్చారు.

జీపు హారన్ వినపడింది.

వాడిన డబ్బాలు తీసుకోవడానికి, మళ్లీ రక్తం తీయడానికి ధీరజ్ ఈ వారంలో వస్తానని చెప్పే ఉన్నాడు. జమున గ్లాసుల మీద గంప బోర్లించి ముందు వాకిట్లోకి వచ్చింది. జీపులోంచి ధీరజ్ దిగాడు. అతని వెనక వెంకట్రాం సారు కూడా దిగాడు. సారు ఈ తండాకు రావడం ఇదే మొదలు.

వెంకట్రాం సారుది నర్సింహులపేట దగ్గర పెద్ద భూములున్న ఇల్లు. జనగామ సమ్మె శిబిరంలో ఆయన మాట్లాడుతుంటే జనం కదలకుండా వినేవాళ్లు. మన పిల్లల చదువులు, మన పిల్లల అవకాశాలు ఎవడో తన్నుకుపోతుంటే చూస్తూ ఊరుకుందామా అని గొంతెత్తి అడిగేవాడు. ముందు వరసలో కూర్చుని చేతులు నొప్పి పుట్టేలా చప్పట్లు కొట్టినవాళ్లలో జమున ఒకతె. ఆయన తనను బిడ్డా అని పిలిస్తే ఆమెకు ఎంతో ధైర్యంగా ఉండేది. ఇవాళ మాత్రం ఈయన ఇంత దూరం ఎందుకొచ్చాడా అని మనసు లెక్కలు వేసుకోసాగింది.

"బాగున్నవా బిడ్డా? సమ్మె సమ్మెలాగనే నడుస్తున్నది, నీ ట్రైనింగు గూడ ఆగకుంట నడుస్తున్నదని ధీరజ్ చెప్తే సంబురమైంది. నేనే ఒకపారి చూసిపోదామని వచ్చిన," అన్నాడు సారు, వాకిట్లో వాల్చిన మంచం మీద కూర్చుంటూ.

సుక్కి మంచినీళ్ల చెంబు తెచ్చింది. అంత పెద్ద సారు తమ వాకిట్లో కూర్చున్నందుకు ఆమె మొహం వెలిగిపోతోంది. కళావతి తలుపు చాటున నిలబడింది.

"డబ్బాలన్నీ జమ చెయ్ జమునా. జల్ది కానీ, మళ్ల గూడూరు కాడ రోడ్డు బంద్ పెడ్తరట," అన్నాడు ధీరజ్.

"డబ్బాలకేం తొందర సార్, ఇస్త. నాదొక డౌటుండె. ట్రైనింగుల ఉన్న కద, తెలుసుకోవాలె కద." జమున గొంతు మామూలుగానే పలికింది. "గా గోలీలన్నీ ఒక్క రకమేనా సార్?"

ప్రశ్న అడిగింది ధీరజ్‌ను. అతను ముందు వెంకట్రాం సారు మొహం చూశాడు. ఆ చూపు జమున పట్టుకుంది. కంపెనీ మనిషి కాలేజీ లెక్చరర్ మొహం ఎందుకు చూడాలి?

"ఒక్క రకమే. ఎందుకడుగుతున్నవ్?" అన్నాడు ధీరజ్.

"కరక్కాయ నీళ్లల్ల ఏసి చూసిన సార్. కొన్ని నల్లగైనయి. కొన్ని కాలే."

ధీరజ్‌కు చర్రున కోపం వచ్చింది. "నిన్నెవరు ఏసి చూడుమన్నరు? ఇచ్చినయి ఇచ్చినట్టు పంచుడు నీ పని. ల్యాబు పెట్టుమని నీకు జెప్పిన్నా?"

"ఆగు ధీరజ్. కోపమెందుకు?" సారు నవ్వాడు. ఆ నవ్వు క్లాసులో తెలివైన ప్రశ్న అడిగిన పిల్లను మెచ్చుకునే నవ్వు. "మా స్టూడెంటు, గట్లనే అడగాలె. జమునా, నేను పాఠం చెప్పిన, యాదికి లేదా? కొత్త మందు పనితనం చూడాలంటే ఏం చేస్తం? కొందరికి మందిస్తం, కొందరికి ఉత్త గోలీ ఇస్తం. నల్లగైనయి మందు. కానియి ఉత్త సుద్ద. రెండు గుంపులను పక్కపక్కన పెట్టి చూస్తెనే మందు పనిచేసిందా లేదా తెలుస్తది. ప్రపంచమంత చేసేది గిదే."

జమునకు పాఠం గుర్తుంది. ఆ రోజు ఆయన బోర్డు మీద రెండు గుండ్రాలు గీసి చెప్పిన తీరు కూడా గుర్తుంది. సుద్ద. అంతేనా? బరువు దిగినట్టయింది. ఇంత మంచి మనిషిని అనుమానించానే అని సిగ్గు కూడా వేసింది. సుద్దే అయితే వదినకు ప్రమాదం లేదు. రేపటి నుంచి దవాఖాన గోలీలు మళ్లీ మొదలుపెడితే సరిపోతుంది.

కానీ ఆ సిగ్గు వెనకే మరో మాట తన్నుకొచ్చింది.

"మరి ఆడోళ్లకు చెప్పకపోతిమి కద సార్, కొందరికి సుద్ద ఇస్తున్నమని. నాకు గూడ చెప్పకపోతిరి."

"నీకు చెప్తె నీ నోటెంట వాళ్లకు తెలుస్తది. తెలిసినంక గది రీసెర్చి ఎట్లయితది బిడ్డా?"

"వాళ్లు రక్తం లేనోళ్లు సార్. దవాఖాన గోలీలు బంద్ చేపిచ్చి సుద్ద తినిపిచ్చినమా? నా నోటితోని చెప్పిచ్చిన్రు కద సార్. రేపు వాళ్ల మొఖాలు నేనెట్ల చూడాలె?"

సారు నవ్వు కొంచెం తగ్గింది. "జర నిమ్మళంగ ఆలోచించు. గీ అవకాశం కోసం ఎంతమంది నా ఎంబడి తిరిగిన్రో నీకెరుకేనా? భూపాలపల్లి దిక్కు ఇంకో క్యాంపున్నది. స్వాతి రేపు రమ్మన్నా వస్తది. తండా నుంచి ఒక పిల్ల రీసెర్చి దాంక పోవాలని నేను పట్టుబట్టిన. నువ్వు గిట్ల మాట్లాడితె నా మాటకేం ఇజ్జతుంటది?"

"ఇంకో ముచ్చట గూడ యాదుంచుకో," అన్నాడు ధీరజ్. అతనికి సారంత ఓపిక లేదు. "క్యాంపుల మాట్లాడింది నువ్వు. రక్తం వెరిగే గోలీలని చెప్పింది నువ్వు. వీడియో మా దగ్గరున్నది. అండ్ల నా గొంతు ఏడ గూడ లేదు."

జమునకు అరికాలి నుంచి కోపం పాకింది. ఇంత ముందుచూపున్నవాళ్లు సుద్ద కోసమా ఈ జాగ్రత్తలన్నీ పడ్డారు? సుద్ద పంచినవాడికి వీడియోతో పనేమిటి?

నోటిదాకా వచ్చిన మాట మింగి, ఆమె ధీరజ్ చెప్పించిన షరతులను మనసులో మళ్లీ తిప్పి చూసుకుంది. ఎవరి డబ్బా వాళ్లే వాడాలి. సరే, సారు చెప్పిన పాఠానికి అది సరిపోతుంది. దవాఖాన గోలీలు కలపకూడదు. అదీ సరిపోతుంది, అన్యాయమే అయినా. మరి కడుపుతో ఉన్నవాళ్లకు ఇవ్వకూడదన్నది? ఇనుమైతే వాళ్లకు అందరికన్నా ఎక్కువ అవసరం. సుద్దయితే ఎవరికీ ఏమీ కాదు. ఇనుము, సుద్ద తప్ప ఆ డబ్బాల్లో మరేమీ లేకపోతే కడుపుతో ఉన్నవాళ్లను అంత గట్టిగా ఎందుకు దూరం పెట్టారు?

అడిగితే ఈయన దానికీ ఒక పాఠం చెబుతాడు. నమ్మేట్టుగానే చెబుతాడు. మాటలు ఆయన ముందు పనిచేయవు. మొహాలు చూడాలి, అంతే. వదిన సంగతి బయటపెడితే డబ్బాలు కలిసిపోయిన సంగతీ బయటపడుతుంది, ట్రైనింగు ఇవాళ్టితో సరి. ఉద్యోగం మాట ఇక ఎత్తనక్కరలేదు. చాంద్యా తన ఎద్దులను అమ్మి కట్టిన కాలేజీ ఫీజు ఒక్క క్షణం కళ్ల ముందు మెదిలింది. తలుపు చాటున వదిన చీర కొంగు కనిపించింది.

"సార్, ఒక తప్పు జరిగింది," అంది జమున. ఇద్దరి మొహాల మీద నుంచీ చూపు తిప్పలేదు. "మా తండాల ఏదొచ్చినా అందరం పంచుకుంటం. డబ్బాలన్నీ తాంబాళంల పోసి ఇంటింటికి వాటాలేసిన్రు. ఏవి ఎవరు తిన్నరో ఎవరికి తెల్వదు. మా వదిన గూడ తిన్నది. ఆమెకు ఏడో నెల."

వాటాలు అన్నప్పుడు ధీరజ్ మొహంలో కోపం కనిపించింది. రీసెర్చి పాడైతే రావలసిన కోపమే అది. ఏడో నెల అన్నప్పుడు ఆ కోపం ఒక్కసారిగా మాయమైపోయింది. అతని మొహం పాలిపోయింది.

"మామా," అన్నాడు ధీరజ్, వెంకట్రాం సారు వైపు తిరిగి. "మామా, గర్భిణి తిన్నదట."

జమున విన్నది. ఇప్పటిదాకా అందరి ముందూ ఆయన్ను సార్, సార్ అని పిలిచిన నోరు అది. ఇన్నాళ్లూ కంపెనీ వేరు, కాలేజీ వేరు అనుకుంది. ఈయన పేరిచ్చాడు, అతను తీసుకున్నాడు అనుకుంది. మేనమామ ఇచ్చాడు, మేనల్లుడు పుచ్చుకున్నాడు. మనోళ్ల కంపెనీ అంటే ఎవరోళ్లదో ఇప్పుడు తెలిసింది. తండాకు తండానే తెచ్చి వీళ్ల చేతుల్లో పెట్టింది తాను. ఏడుపు వచ్చింది. ఇది ఏడ్చే సమయం కాదని పళ్లు బిగించింది.

వెంకట్రాం సారు మంచం మీద నుంచి లేచాడు. "ఎన్ని తిన్నది?" అని అడిగాడు. గొంతులో పాఠం చెప్పే తీరు లేదు.

జవాబు సుక్కి చెప్పింది. తెలుగు ఆమెకు కొంచెం కొంచెం వస్తుంది. సారు అడుగుతున్నది తమ పంపకం గురించేనని, అందులో అన్యాయం జరిగిందేమోనని అడుగుతున్నాడని అనుకుంది. ఆ తల్లికి అంతకన్నా ఏం తోస్తుంది?

"కోడలికి నేను తక్కువియ్యలే సారూ. మా తాన కడుపుతోని ఉన్న మనిషికి రెండు వాటాలు. ఒకటి ఆమెకు, ఒకటి కడుపుల పిల్లకు. మేక కోసినా గంతే, బెల్లం పంచినా గంతే. గోలీలు గూడ అందరికన్న రెండింతలిచ్చిన."

ఆమె గర్వంగా చెప్పింది. ధీరజ్ పక్కకు పోయి ఫోను చెవిదగ్గర పెట్టుకున్నాడు. తండాలో సిగ్నల్ ఎప్పుడూ సరిగా అందదు, అతను వాకిలంతా తిరుగుతూ హలో హలో అంటున్నాడు.

"యాడీ, నువ్వు లోపలికి పో," అంది జమున తల్లితో. సుక్కి కదల్లేదు. కూతురి మొహం చూశాక ఆమెకూ ఏదో భయం పట్టుకుంది.

"జమునా," అన్నాడు సారు. "ముందుగాల మీ వదినను జీపెక్కించు. తర్వాత మాట్లాడుకుందాం."

"సుద్దేనంటిరి కద సార్. సుద్ద తిన్న మనిషికి జీపెందుకు?"

సారు తల దించుకున్నాడు. జనగామ శిబిరంలో వేలమంది ముందు దించని తల.

ధీరజ్ ఫోను జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. "హైదరాబాద్ తీస్కపోదాం. మా డాక్టరున్నడు. ఎవరికి చెప్పే పని లేదు, ఖర్చంత మాదే. జల్ది ఎక్కించున్రి."

"మానుకోట దవాఖానకు పోతం," అంది జమున.

"గా దవాఖానల ఏముంటది? సగం మంది స్టాఫ్ సమ్మెల ఉన్నరు. హైదరాబాదే మంచిది."

"ఎవరికి మంచిది సార్? మా వదినకా, మీకా?"

ధీరజ్ ఒక అడుగు ముందుకు వేశాడు. జమున ద్వారానికి అడ్డంగా నిలబడింది. వెనక తలుపు చాటున కళావతి ఊపిరి బరువుగా వినిపిస్తోంది. జీపు ఎక్కించకపోతే వదినను ఎలా చేర్చాలో తెలియదు. ఎక్కిస్తే వీళ్లు ఎటు తీసుకుపోతారో తెలియదు. తండాలో ఇప్పుడు కదిలే బండి ఆ ఒక్కటే. నిన్నటిదాకా ఆ జీపు దిగి వస్తుంటే తండా పిల్లలందరూ జమునను వింతగా చూసేవాళ్లు. ఇప్పుడు అదే జీపులో వదినను ఎక్కించాలా అని ఆమె లెక్క వేసుకుంటోంది.

"నేను ఎక్కిస్త," అంది చివరికి. "మీరు చెప్పిన దిక్కు రాను, మానుకోటకే. డాక్టరమ్మ ముందు నేనే కూసుంట. ఏం తిన్నదని అడుగుతది. ఏం చెప్పాలె సార్? మీరే చెప్పున్రి. గా నల్లగ కాని గోలీల ఏమున్నది?"

"మామా, చెప్పకు," అన్నాడు ధీరజ్.

వెంకట్రాం సారు మేనల్లుడి వైపు చూడలేదు. చెమట పట్టిన మొహం రుమాలుతో తుడుచుకున్నాడు. ఎంత చెడ్డా పాఠాలు చెప్పిన మనిషి. ఎదురుగా నిలబడింది ఆయన పాఠాలు విన్న పిల్ల.

"మా కొత్త మందు," అన్నాడు. మా అన్నాడు, కంపెనీది అనలేదు. "ఇనుము లేకుంటనే రక్తం పెంచుతది. నల్లగ కాంది గందుకే. మంచి మందు జమునా, నేను ఒట్టేసి చెప్త. మనుషులకు ఇయ్యకముందు ఎలుకలకిచ్చి చూసినం. ఒక్కదానికి గూడ ఏం కాలే. అన్నిట్ల రక్తం వెరిగింది. ఒక్క..."



"ఒక్క ఏంది సార్?"

"కడుపుతోని ఉన్న ఎలుకలే..." సారు గొంతు తగ్గిపోయింది. "అవి బతికినయి బిడ్డా. తల్లులకేం కాలే. తల్లులన్నీ బతికినయి."

తలుపు చప్పుడైంది. కళావతి బయటికి వచ్చింది. తలుపు చాటు నుంచి ఆమె ఎంత విన్నదో, తెలుగులో ఎంత అర్థమైందో జమునకు తెలియదు. వదిన రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని ఉంది. ఆమె జమునను చూడలేదు, ధీరజ్‌ను చూడలేదు. నేరుగా వెంకట్రాం సారు ముందుకు వచ్చి నిలబడింది. పెద్దింటి మనుషుల ముందు తలెత్తి మాట్లాడని మనిషి, అప్పుడు తలెత్తి అడిగింది.

"సారూ, నిన్నటి సంది నా పిల్ల కదుల్తలేదు. పండుకున్నదనుకున్న. లేస్తది కద సారూ?"